సంచిలో ఏమి ఉండాలి, ఏమి ఉండరాదు

కుటుంబాలు, సేవా కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



నేడు మాకు అప్పగించిన విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఇంటినుండి బయలుదేరినప్పుడు, ఊరు దాటినప్పుడు, మన స్వంత వివరాలు పరుల పాలు కాకుండా కాపాడుకోవడానికి ఏ వస్తువులు కొనాలి, ఏవి కొనవలసిన అవసరం లేదు అన్నదే ఆ విషయం. కోఠీలోని గుజరాతీ గల్లీకి గాని, ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు గాని వెళ్లి చూడండి. ఫోను తెరపై అతికించే చీకటి పొర, కార్డులను కాపాడుతుందని చెప్పే పర్సు, కెమెరాకు వేసే మూత, సిగ్నల్‌ను ఆపే సంచి, రహస్య కెమెరాలను పట్టి ఇస్తుందనే యంత్రం, అన్నీ వరుసగా వేలాడుతుంటాయి. వీటిలో కొన్ని నిజంగా పనికివస్తాయి. కొన్ని భయాన్ని అమ్ముకునే సరుకులు. ఏది ఏదో తేల్చుకోకుండా కొంటే డబ్బు పోవడం అటుంచి, ఇక మనకు రక్షణ ఉన్నదన్న భ్రమ మిగులుతుంది. ఆ భ్రమ వల్ల కలిగే నష్టమే ఎక్కువ.

వస్తువుల దగ్గరకు వెళ్లే ముందు హక్కు సంగతి ఒక్క మాటలో చెప్పుకుందాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవన స్వేచ్ఛలో అది భాగమన్నది. మరుసటి సంవత్సరం, 2018 సెప్టెంబరులో వచ్చిన ఆధార్ తీర్పు, ప్రైవేటు సంస్థలు కేవలం ఒప్పందం పేరుతో ఆధార్ కోరడానికి వీలు కల్పించిన నిబంధనను కొట్టివేసింది. కాబట్టి, దాచుకోవడమంటే తప్పు చేయడం కాదు. "దాచడానికి నీ దగ్గర ఏమున్నది?" అని ఎవరైనా అడిగితే, ఇంటికి తలుపు ఎందుకు పెట్టుకున్నారని వారిని తిరిగి అడగండి. అయితే తీర్పు గ్రంథాలలో ఉన్న హక్కు మన సంచిలోనికి దానంతట అది దిగిరాదు. సంచిని మనమే సర్దుకోవాలి.

మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా ఉద్యోగం చేసిన వారము. దస్త్రాల మధ్య బ్రతికిన వారికి కంప్యూటరు దొంగల కన్నా ముందు కాగితమే గుర్తుకు వస్తుంది. మా అనుభవంలో, మన కుటుంబాల వివరాలు బయటికి పోయే దారులలో అన్నిటికన్నా వెడల్పైనది కాగితం నకళ్ల దారి. దానికి కారణం మీకు తెలియనిది కాదు. స్కాలర్‌షిప్పుకు నకలు, షాదీ ముబారక్‌కు నకలు, పింఛనుకు నకలు, గ్యాసుకు నకలు, సిమ్ముకు నకలు, లాడ్జిలో గదికి నకలు. జిరాక్సు దుకాణంలో మసకగా వచ్చిన నకలును బల్లకింద బుట్టలో వేసి మరొకటి తీస్తారు. ఆ బుట్ట సాయంత్రానికి పాతకాగితాల దుకాణానికి పోతుంది. మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితంపై ఎవరో అమ్మాయి ఫోటో, తండ్రి పేరు, సంతకం చూసిన వారు ఈ సభలో పలువురు ఉండే ఉంటారు. ఒక్క ఆధార్ నకలు, ఒక్క పాన్ నకలు, రెండు ఫోటోలు చేతికి దొరికితే ఆ పేరుతో సిమ్ము తీయడానికి, అప్పు తీయడానికి, లేని వ్యాపారానికి జీఎస్టీ నమోదు చేయించడానికి ప్రయత్నించే వారున్నారు. నోటీసు వచ్చినప్పుడు తిరగవలసింది మనమే.

2018లో తెలంగాణలో బయటపడిన ఒక కేసును తప్పక గుర్తుంచుకోవాలి. సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులను ప్రభుత్వ వెబ్‌సైటు నుండి దించుకొని, వాటిపై ఉన్న వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో అచ్చుగా పోసి, ఆ నకిలీ వేళ్లతో సిమ్ములు క్రియాశీలం చేశాడు. ఎవరి జేబూ కొట్టలేదు, ఎవరి ఫోనూ దొంగిలించలేదు. ఆధార్ నంబరు, వేలిముద్ర ఒకే కాగితంపై ఉండడమే వాడికి చాలినది.

కాబట్టి మొదటి రక్షణ వస్తువు ధర రూపాయి కూడా లేదు. అది 'మాస్క్‌డ్ ఆధార్'. ఆధార్ వెబ్‌సైటు నుండి దించుకొనే ఈ పత్రంలో పన్నెండు అంకెలలో మొదటి ఎనిమిది కనిపించవు, చివరి నాలుగే కనిపిస్తాయి. గుర్తింపు చూపితే చాలుననే చోట, లాడ్జిలో గాని కొరియర్ కార్యాలయంలో గాని, దీనినే ఇవ్వండి. ఆ పత్రం ఫైలుకు సంకేతపదం పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి ఉంటుంది. మన పేరు, వయసు తెలిసిన వారెవరైనా దానిని తెరవగలరు. ఫైలుకు తాళం ఉన్నదిగదా అని వాట్సాప్ సమూహాలలో పంచరాదు. అలాగే మాస్క్‌డ్ పత్రంలో కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది. అందులో మన ఫోటో, చిరునామా ఉంటాయని మరువవద్దు.

రెండవ వస్తువు పది రూపాయల నీలిరంగు పెన్ను. ప్రతి నకలుపై, ఫోటో మీదుగా గీత పోయేటట్టు, "ఫలానా పనికి మాత్రమే, ఫలానా తేదీ" అని వ్రాసి సంతకం చేయండి. ఖాళీ జాగా చూసి మూలలో వ్రాస్తే కత్తిరించి వేయవచ్చు. అక్షరాలు ముద్రిత వివరాలపై పడాలి, వివరాలు చదవడానికి వీలుండాలి. మా కాలంలో "అసలుతో సరిపోల్చడమైనది" అనే ముద్రకోసం గెజిటెడ్ అధికారి వాకిట గంటలు నిలబడేవారు. నేడు స్వీయ ధ్రువీకరణ చాలు. ఆ సంతకం పక్కన ఒక్క వాక్యం చేర్చడానికి బద్ధకం ఎందుకు? బజారులో అక్షరాలను చెరిపివేసే ఒక రోలరు ముద్ర దొరుకుతుంది. పాత కవర్లపై చిరునామా మీద దొర్లిస్తే గజిబిజి గీతలు పడి చదవరాకుండా పోతుంది. ఇల్లంతా పార్సిళ్లు వచ్చే కుటుంబాలకు అది పనికివస్తుంది. లేనివారు చిరునామా చీటీని చింపి నీటిలో నానవేస్తే అదే ఫలితం.

ఇప్పుడు కార్యకర్తలతో ఒక మాట. మీరు పేటలలో తిరిగి దరఖాస్తులు సేకరిస్తారు. ఒక్కొక్కరి సంచిలో ముప్పై నలభై కుటుంబాల కాగితాలు ఉంటాయి. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పుట, ఫోన్ నంబర్లు, కొన్నిటిలో వితంతువుల మరణ ధ్రువపత్రాలు. ఇవన్నీ పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో వేసుకొని బస్సులో ఒళ్లో పెట్టుకొని కూర్చునే అలవాటు మనలో ఉన్నది. పైకి కనిపించే కాగితంపై ఏ ఇంటి ఆడపిల్ల ఫోటో ఉన్నదో ఎదుటి సీటువాడికి తెలుస్తుంది. అది అమానతు. మనపై నమ్మకంతో ఇచ్చిన వస్తువు. దానికి తగిన సంచి కావాలి. లోపలిది కనిపించని మందపాటి గుడ్డ లేదా రెక్సిన్ సంచి, పూర్తిగా మూసుకునే జిప్పు, లోపల అరలు, భుజం మీదుగా అడ్డంగా వేసుకునే పట్టీ ఉంటే చాలు. బయట సంస్థ పేరు, "దరఖాస్తులు" అనే మాట ఉండకూడదు. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క గోధుమరంగు కవరు, కవరుపై పేరుకు బదులు వరుస సంఖ్య, ఆ సంఖ్యల పట్టిక ఇంట్లో వేరే పుస్తకంలో. కార్యాలయాలలో మేము దస్త్రాలను సంఖ్యలతోనే గుర్తించేవారము. ఆ పద్ధతి ఏమీ పాతబడలేదు.

దరఖాస్తు సమర్పించిన తరువాత మిగిలిన నకళ్లను ఏమి చేస్తున్నారు? చాలామంది అటకమీద దాచుతారు. అవసరం తీరిన నకలు దాచవలసిన పత్రం కాదు, నాశనం చేయవలసిన పత్రం. కాగితాలను ముక్కలుచేసే యంత్రాలు రెండు రకాలు. పొడుగు పేలికలుగా కోసేది చౌక, కాని ఓపిక ఉన్నవాడు ఆ పేలికలను తిరిగి అతకగలడు. అడ్డంగా కూడా కోసి చిన్న ముక్కలు చేసేది కొనడం మేలు. ఇంటింటికీ అక్కరలేదు. పేటకు ఒకటి, అందరి చందాతో, చాలును. అంతవరకు కాగితాలను కాల్చినా సరే, లేదా రాత్రంతా నీటిలో నానవేసి ముద్దచేసి పారవేసినా సరే.

వేలిముద్రల సంగతి ఇక్కడే ముగిద్దాం. ఆధార్ ద్వారా బ్యాంకు ఖాతానుండి డబ్బు తీసే విధానంలో వేలిముద్ర చాలు, ఓటీపీ అడగరు. అందుచేత ఎంఆధార్ యాప్‌లో గాని, వెబ్‌సైటులో గాని బయోమెట్రిక్ తాళం వేసుకోండి. తాళం ఉన్నంతసేపు మీ వేలు కూడా పనిచేయదు. రేషను దుకాణానికి వెళ్లేరోజున, పింఛను తీసుకునే రోజున తాత్కాలికంగా తీసి మళ్లీ వేయాలి. ముసలివారికి ఇది ఇంట్లోని పిల్లలు చేసిపెట్టవలసిన పని.

ఇక దుకాణాలలో అన్నిటికన్నా గట్టిగా అమ్మే వస్తువు దగ్గరకు వద్దాం. ఆర్ఎఫ్ఐడీని ఆపే పర్సు. పక్కన నిలబడినవాడు యంత్రంతో మీ జేబులోని కార్డులన్నిటినీ చదివేస్తాడని, ఈ పర్సు ఉంటే చదవలేడని దుకాణదారు చెబుతాడు. ఇందులో ఎంత నిజం? తాకించి చెల్లించే బ్యాంకు కార్డులలో 13.56 మెగాహెర్ట్‌జ్ తరంగాలతో పనిచేసే చిప్పు ఉంటుంది. అది పనిచేసే దూరం కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. చదవగలిగినా కార్డు వెనుక ముద్రించిన మూడంకెల సంఖ్య అందులోనుండి రాదు, ఓటీపీ అసలే రాదు. పిన్ను లేకుండా తాకించి చెల్లించగల పరిమితి ఒక్కసారికి 5,000 రూపాయలు. ఇది 2021 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. అంతకు ముందే, 2020లో, రిజర్వు బ్యాంకు మరొక మేలు చేసింది. తాకింపు చెల్లింపులను, విదేశీ చెల్లింపులను, ఆన్‌లైన్ చెల్లింపులను వేరువేరుగా ఆపుకొనే సౌకర్యం ఖాతాదారుకు ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది. మీ బ్యాంకు యాప్ తెరిచి ఆ మీట ఆపివేయండి. వందల రూపాయల పర్సు చేసే పని ఉచితంగా అయిపోతుంది. ఎవరికైనా ఇంకా అనుమానం ఉంటే కార్డును వంటింటి అల్యూమినియం రేకులో చుట్టి పెట్టుకోవచ్చు.

అసలు సంగతి మరొకటి ఉన్నది. ఆధార్ కార్డులో, రేషన్ కార్డులో, పాన్ కార్డులో తరంగాలతో చదివే చిప్పు లేదు. ఏ పర్సూ వాటిని కాపాడేది లేదు. కొత్త ఈ-పాస్‌పోర్టులో చిప్పు ఉన్నది. అట్టపై బంగారు రంగులో చిన్న గుర్తు కనిపిస్తుంది. కాని ఆ చిప్పు తెరుచుకోవాలంటే లోపలి పుటలో అడుగున ముద్రించిన రెండు వరుసల అక్షరాలను యంత్రం ముందు చదవాలి. మూసి ఉన్న పాస్‌పోర్టును జేబులోనుండి చదివేయడం అంత సులభం కాదు. పాస్‌పోర్టుకు మంచి అట్ట తొడుగు కొనండి, తడవకుండా ఉంటుంది. తరంగాల భయంతో మాత్రం కొనవద్దు.

ఫోను విషయం వేరు. అక్కడ భయానికి నిజమైన కారణాలున్నాయి.

తెరపై అతికించే గోప్యతా పొర మేము సిఫారసు చేసే కొద్ది వస్తువులలో ఒకటి. అందులో కంటికి కనిపించని సన్నటి నిలువు పలకలు, కిటికీ తెరల వలె, వరుసగా ఉంటాయి. ఎదురుగా చూసేవారికి తెర కనిపిస్తుంది. సుమారు ముప్పై డిగ్రీలు పక్కకు జరిగితే నల్లబడుతుంది. బస్సులో, రైలులో, ఆసుపత్రి వరండాలో పక్కవారు మన సందేశాలను, పిన్నును చూడకుండా ఆపుతుంది. కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. వెనుక నిలబడి భుజం మీదుగా చూసేవాడిని ఇది ఆపదు. సాధారణ పొర కుడిఎడమలనే కాపాడుతుంది, ఫోను అడ్డంగా తిప్పితే రక్షణ పోతుంది. తెర వెలుతురు తగ్గుతుంది కాబట్టి చూపు మందగించిన పెద్దలకు ఇబ్బంది. నానీ చేతిలోని ఫోనుకు ఇది వేసి, ఆమె అక్షరాలు కనబడక ఫోనును పక్కింటి కుర్రవాడికి ఇచ్చి చదివించుకుంటే గోప్యత ఎక్కడున్నది? అటువంటివారికి పొర అక్కరలేదు, పెద్ద అక్షరాలు కావాలి.

బస్టాండులలో, విమానాశ్రయాలలో ఛార్జింగు రంధ్రాలు ఉంటాయి. రిజర్వు బ్యాంకు 2022లో ప్రజలకోసం వెలువరించిన హెచ్చరికల పుస్తకంలో ఈ మార్గంలో జరిగే మోసాన్ని కూడా చేర్చింది. మామూలు యూఎస్‌బీ తీగలో రెండు దారాలు విద్యుత్తుకు, రెండు దారాలు సమాచారానికి. సమాచార దారాలను తెంచి ఉంచే చిన్న బిళ్లను 'డేటా బ్లాకర్' పేరుతో అమ్ముతారు. అది పనిచేసే వస్తువే. అయినా, మన స్వంత ఛార్జరును గోడ ప్లగ్గులో పెట్టుకుంటే ఆ బిళ్ల అవసరమే లేదు. లేదా పవర్ బ్యాంకు తీసుకొనిపోండి. విమానంలో దానిని చేతిసంచిలోనే ఉంచాలి, సామానులో వేయరాదు. వంద వాట్-అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లు, కనుక చిక్కు లేదు.

ఫోను బాగుచేయించేటప్పుడు జరిగే నష్టం గురించి బహిరంగంగా మాట్లాడరు. మనం మాట్లాడుకోవాలి. దుకాణదారు పిన్ను అడుగుతాడు, మనం చీటీమీద వ్రాసి ఫోనుకు అంటించి వస్తాము. అందులో ఇంటి ఆడవారి ఫోటోలు ఉంటాయి. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' అనే యాప్‌లలో ముస్లిం మహిళల ఫోటోలను వేలం పేరుతో పెట్టి అవమానించిన సంగతి ఈ సభలో ఎవరూ మరచి ఉండరు. ఆ ఫోటోలు సామాజిక మాధ్యమాలలో బహిరంగంగా ఉన్నవాటినుండి తీసినవి. బహిరంగంగా పెట్టనివి ఏ దుష్టుడి చేతికైనా చిక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. సామ్‌సంగ్ వంటి ఫోన్లలో 'మెయింటెనెన్స్ మోడ్' అని ఒక సదుపాయం ఉన్నది. దానిని పెట్టి ఇస్తే పనివాడు ఫోనును పరీక్షించగలడు గాని ఫోటోలు, సందేశాలు తెరవలేడు. గూగుల్ పిక్సెల్‌లో దీనినే 'రిపేర్ మోడ్' అంటారు. ఈ సదుపాయం లేని ఫోనైతే, పని జరిగేవరకు ఎదుట కూర్చోండి, పిన్ను మీరే నొక్కండి. సిమ్మును, మెమరీ కార్డును తీసి జేబులో వేసుకొని ఇవ్వండి. మెమరీ కార్డును మాత్రం చాలామంది మరచిపోతారు.

2021 అక్టోబరులో హైదరాబాద్ వీధులలో పోలీసులు ద్విచక్ర వాహనదారులను ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి అనే మాటకోసం వెతికిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఏ వస్తువు కొంటే దీనికి ఉపాయం అని యువకులు అడుగుతుంటారు. వస్తువు లేదు. తెలుసుకోవలసిన విషయం ఉన్నది. వేలిముద్రలు తీసుకోవడం తనపై తాను సాక్ష్యం చెప్పించుకోవడం కిందికి రాదని సుప్రీంకోర్టు 1961లోనే, కాఠీ కాలూ ఓఘడ్ కేసులో, చెప్పింది. మనసులో దాచుకున్న సంకేతపదం సంగతి ఇంకా తేలలేదు. కర్ణాటక హైకోర్టు 2021లో ఒక విధంగా చెబితే, ఢిల్లీలోని ఒక ప్రత్యేక న్యాయస్థానం 2022లో నిందితుణ్ణి బలవంతపెట్టరాదని చెప్పింది. కనుక ప్రయాణంలో వేలిముద్ర తాళం కన్నా ఆరంకెల పిన్ను మేలు. ఫోనును ఒకసారి ఆపి తెరిచినా, ఆండ్రాయిడ్‌లో 'లాక్‌డౌన్' మీట నొక్కినా, ఐఫోన్‌లో పక్క మీటను, శబ్దం మీటను కలిపి నొక్కి పట్టినా వేలిముద్ర, ముఖం పనిచేయడం ఆగి పిన్నునే అడుగుతుంది. రహదారిపై ఆపినప్పుడు వాదులాట వద్దు, దురుసుతనం వద్దు, ఫోను విసరడం అసలే వద్దు. "ఏ కేసులో, ఏ ఉత్తర్వుపై చూడదలచారండీ?" అని మర్యాదగా అడగండి, అధికారి పేరు, స్థలం, సమయం గుర్తుంచుకోండి, అదేరోజు కాగితంపై వ్రాసుకోండి. దర్యాప్తు ఉన్న చోట చట్టానికి దాని అధికారాలున్నాయి. దర్యాప్తే లేని చోట మన మౌనాన్ని అంగీకారంగా వ్రాసుకునే అవకాశం ఇవ్వరాదు.

సిగ్నల్ ఆపే సంచి, దీనినే ఫారడే సంచి అంటారు, కొందరు యువకులు కొన్నారు. లోపల ఫోను పెట్టి మరొక ఫోనునుండి పిలిచి చూడండి. మ్రోగితే అది నకిలీ. మ్రోగకపోయినా గొప్ప లాభం లేదు. లోపల ఉన్న ఫోను సిగ్నల్ వెతుకుతూ బ్యాటరీని తాగేస్తుంది, బయటికి తీయగానే మళ్లీ టవరుకు చేరుతుంది. ఫోనులోనికి ముందే చొరబడిన నిఘా సాఫ్ట్‌వేరును సంచి తీసివేయదు. ఎక్కడికో ఫోను రాకూడదనుకుంటే ఇంట్లో వదలి రండి.

కంప్యూటరు కెమెరాకు జారుడు మూతలు అమ్ముతారు. పలుచని ల్యాప్‌టాపు మూసినప్పుడు ఆ మూత తెరపై ఒత్తి పగులగొట్టవచ్చునని ఆపిల్ సంస్థ 2020లో హెచ్చరించింది. పోస్టల్ స్టాంపు అంచుకాగితం ముక్క అంటిస్తే చాలు. రహస్య కెమెరాలను పట్టే చౌక యంత్రాలు ప్రతిదానికీ కూస్తాయి, కూయవలసిన చోట కూయవు. లాడ్జి గదిలో దీపాలార్పి, ఫోను టార్చిని కంటి పక్కన పట్టుకొని, మంచానికి, స్నానాల గదికి ఎదురుగా ఉన్న గడియారం, పొగ గంట, ప్లగ్గులపై నెమ్మదిగా తిప్పండి. కటకం ఉంటే చిన్న చుక్కలా మెరుస్తుంది. దొరికితే పీకి పారవేయక, ఫోటో తీసి, గది వదలి పోలీసులకు చెప్పండి. మహిళల ఏకాంతాన్ని చాటుగా చూడడం, చిత్రించడం పాత శిక్షాస్మృతిలో 2013నుండి, ఇప్పుడు భారతీయ న్యాయసంహిత 77వ సెక్షనులో, జైలుశిక్ష పడే నేరం.

ఉమ్రాకు, హజ్‌కు వెళ్లేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఇహ్రామ్ వస్త్రాలకు జేబులు ఉండవు గనుక పురుషులకు నడుము బెల్టు తప్పనిసరి. వెడల్పాటి గుడ్డది, లోపలివైపు, అంటే ఒంటికి ఆనేవైపు, జిప్పు అర ఉన్నది చూసి కొనండి. ముందువైపు పెద్ద అరలున్నవి చూడటానికి బాగుంటాయి, తవాఫ్ రద్దీలో అవే మొదట తెరుచుకుంటాయి. మహిళలకు అబాయా లోపల మెడనుండి వేలాడే పలుచని సంచి మంచిది. డబ్బంతా ఒకేచోట వద్దు. ఆరోజుకు కావలసింది బయటి అరలో, మిగిలింది లోపల, కొంత గదిలో. 2024 హజ్ నుండి సౌదీ ప్రభుత్వం ఇస్తున్న నుసుక్ కార్డును మాత్రం దాచరాదు. అడిగిన చోట చూపవలసినదే. హోటలు చిరునామా అరబ్బీలో ఉన్న కార్డు ఒకటి పెద్దల దగ్గర ఎప్పుడూ ఉండాలి. గోప్యత పేరుతో తప్పిపోయే పరిస్థితి తెచ్చుకోకండి.

పెట్టె తాళాల విషయంలో, ఎర్రగుర్తు ఉన్న 'టీఎస్ఏ' తాళం అమెరికా వెళ్లేవారికే అవసరం. అక్కడి తనిఖీదారుల దగ్గర మూలతాళపుచెవులు ఉంటాయి. ఆ చెవుల ఫోటోలు 2014లో ఒక పత్రికలో అచ్చయి, మరుసటి ఏడాదికే వాటి నమూనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అమెరికాలో బిడ్డల దగ్గరకు వెళ్లేవారు తాళం ఉన్నదని నగలు పెట్టెలో వేయకండి. జిప్పు పెట్టెను బాల్‌పెన్ను మొనతో తెరవవచ్చు, తాళం అలాగే ఉంటుంది. రైలులో మాత్రం సీటుకింది కొక్కేనికి కట్టే గొలుసు, తాళం నేటికీ మంచి వస్తువులే. పెట్టెకు కట్టే చీటీకి మూత ఉండాలి. పైన పేరు, ఫోన్ నంబరు మాత్రమే. ఇంటి పూర్తి చిరునామా వ్రాస్తే ఆ ఇల్లు ఖాళీగా ఉన్నదని ప్రకటించినట్టే. హజ్ కమిటీ యాత్రికుల కవర్ నంబరు పెద్ద అక్షరాలలో ఉండవలసిందే, అది వేరే సంగతి.

సామాను ఎక్కడున్నదో చెప్పే చిన్న బిళ్లలు వచ్చాయి. పెట్టెలో వేసుకుంటే ఉపయోగమే. అదే బిళ్లను ఒక ఆడపిల్ల సంచిలో రహస్యంగా వేస్తే ఆమె జాడ తెలుస్తుంది. గుర్తు తెలియని బిళ్ల తమతో కదులుతున్నదని ఐఫోన్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరికను తుడిచివేయక, సంచి అడుగు, కుట్లు, బండి సీటుకింద వెతకమని మన పిల్లలకు చెప్పండి.

ఒక సోదరుడు సభకు ముందు అడిగాడు, ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలకు ఏమైనా వస్తువు ఉన్నదా అని. లేదు. 2021 మే నెలలో లాక్‌డౌన్ సమయంలో, హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫోటో తీశారు. ఆయన నల్లకళ్లద్దాలు కొనలేదు. పోలీసు కమిషనరుకు లాయరు నోటీసు పంపి, తరువాత తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు జారీచేసింది. కొన్నిటికి సంచిలో జవాబు దొరకదు, కాగితంపై వ్రాసి అడగవలసి ఉంటుంది.

చివరగా, ఏది పోతే ఏమి చేయాలో వ్రాసిన ఒక చీటీ సంచిలో కాదు, ఇంట్లో ఉండాలి. ఫోనులో నక్షత్రం గుర్తు, హ్యాష్ గుర్తు, 06, హ్యాష్ గుర్తు నొక్కితే పదిహేనంకెల ఐఎంఈఐ సంఖ్య వస్తుంది. దానిని వ్రాసుకోండి. ఫోను పోయినప్పుడు పోలీసు ఫిర్యాదుతో 'సంచార్ సాథీ'లో ఆ సంఖ్యను ఇచ్చి ఫోనును పనిచేయకుండా ఆపించవచ్చు. బ్యాంకు కార్డులను ఆపే ఫోన్ నంబర్లు, సైబరు మోసాల సహాయ సంఖ్య 1930 దానికిందనే వ్రాయండి. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930కి చెబితే అది చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. అసలు పత్రాలు రోజూ మోయకండి. రైలు ప్రయాణానికి డిజిలాకర్‌లో ప్రభుత్వం జారీచేసిన విభాగంలోని ఆధార్, డ్రైవింగ్ లైసెన్సులను రైల్వేశాఖ 2018నుండి అంగీకరిస్తున్నది. మనం ఫోటో తీసి ఎక్కించినవి మాత్రం చెల్లవు. సభ అయిన తరువాత దరఖాస్తుల సంచులు తెచ్చిన కార్యకర్తలు మా బల్ల దగ్గరకు రండి, కవర్లకు సంఖ్యలు వేసే పట్టిక నమూనా సిద్ధంగా ఉన్నది.